నెల్లూరు పాతిక రూపాయలు, అంతులేని లెక్క

మొన్నొక సాయంత్రం మనుబోలు రైలు స్టేషన్లో బెంచీ మీద కూర్చోనుండాను. పక్కన మా పక్క వీధి పిలకాయ ఒకడు ఫోన్లో రీల్ చూస్తా ఉండాడు. ఇంటర్లో అన్నీ పాసై ఇంగ్లీషు ఒక్కటి తప్పినోడు. సప్లిమెంటరీకి ఫీజు కట్టి, ఇంట్లో మాటలు పడలేక స్టేషన్ కాడికి వచ్చి కూర్చుంటా ఉంటాడు. ఆ రీల్లో ఏముందంటే, ఒకటి, రెండు, మూడు, నాలుగు ఇట్టా అంతు లేకుండా కూడుకుంటా పోతే మొత్తం మైనస్ 1/12 వస్తుందంట. రామానుజన్ చెప్పినాడంట. అన్నా, ఇది నిజమా, లైకుల కోసం చేసిన మోసమా అని నన్నడిగినాడు.

జవాబు చెప్తా గానీ ముందు ఆ పట్టాలు చూడరా అన్నాను. మదరాసు నించి నెల్లూరికి రైల్లో వచ్చేవాడు ఎవడైనా గూడూరు దాటినాక మన మనుబోలు మీదుగానే పోవాలి. 1910 డిసెంబరులో ఇరవై మూడేళ్ళ కుర్రోడు ఒకడు నెల్లూరు కలెక్టర్ని చూసేదానికి వచ్చినాడు. చేతిలో చినిగిపోయిన నోటు పుస్తకం. వాడు కూడా ఇంగ్లీషులో తప్పినోడే. ఉద్యోగం లేదు, చేతిలో పైసా లేదు. ఆ నోటు పుస్తకంలో ఉండే లెక్కల్ని ఇప్పటికీ ప్రపంచమంతా చదవతా ఉండాది.

పిలకాయలూ, ఈ కథ మీకు బడిలో చెప్పుంటారు. దండ వేసిన ఫొటో కింద చెప్పుంటారు. నెల్లూరు సంగతి మాత్రం చాలామంది చెప్పరు. అందుకే నేను చెప్తా ఉండాను.

రామానుజన్ పుట్టింది 1887 డిసెంబరు 22న, ఈరోడ్‌లో, అమ్మమ్మ వాళ్ళింట్లో. పెరిగింది కుంభకోణంలో. నాయన చీరల కొట్లో గుమాస్తా. అమ్మ గుళ్ళో భజన పాటలు పాడేది. కాయితం కొనేదానికి డబ్బుల్లేక పలక మీద లెక్కలు చేసి, మోచేత్తో చెరిపేసి, ఆఖరికి తేలిన జవాబు ఒక్కటే నోటు పుస్తకంలో ఎక్కించేవాడు. పదహారేళ్ళప్పుడు కార్ అనే ఆయన రాసిన పాత పుస్తకం ఒకటి చేతికి దొరికింది. దాంట్లో ఐదు వేల దాకా ఫలితాలు ఉండాయి, వివరణలు మాత్రం బో తక్కువ. చెప్పే పంతులు లేడు. ఒక్కొక్కటీ తనే రుజువు చేసుకుంటా, వాటిని దాటి ముందుకు పోయినాడు.

ఆ రోజుల్లోనే ఒక పని జరిగింది. సైన్, కొసైన్‌ల గురించి గొప్ప సంగతి కనిపెట్టినానని సంబరపడినాడు. తర్వాత చూస్తే అది ఆయిలర్ అనే ఆయన ఎప్పుడో కనిపెట్టేసిన సంగతి. సిగ్గుపడి ఆ కాయితాలు తీసకపోయి ఇంటి కప్పులో దాచిపెట్టినాడు. ఎవరూ చెప్పకపోతే తెలివైన పిలకాయ కష్టం ఎట్టా వృథా అవుతుందో చూడండి. అప్పటికే దొరికిన దాని కోసం మళ్ళీ తవ్వుకోవాల్సి వస్తుంది.

ఇప్పుడు అంతులేని కూడిక అంటే ఏందో చెప్తాను. మీకందరికీ నేల తెలుసు గనక నేలతోనే చెప్తాను.

ఒక చదరం మడి అనుకోండి, పక్క ఒక బార. దాని పక్కన ఇంకో చదరం మడి, పక్క అర బార. దాని పక్కన మూడో వంతు బార, తర్వాత నాలుగో వంతు, ఇట్టా అంతు లేకుండా మళ్ళు వేసుకుంటా పోండి. ఒక్కో మడికి ఒక్కో గెనిమ తీసుకోని, వాటినన్నిటినీ వరసగా పెడితే ఆ పొడవుకి హద్దు లేదు. మనుబోలు దాటి, నెల్లూరు దాటి, ఎంత దూరమైనా పోతుంది. అయితే మళ్ళ విస్తీర్ణం కూడితే మాత్రం హద్దు ఉండాది. ఒకటి, ప్లస్ 1/4, ప్లస్ 1/9, ప్లస్ 1/16. ఎన్ని కూడినా రెండు చదరపు బారలు దాటదు. మరి ఖచ్చితంగా ఎంత?

ఈ ప్రశ్న 1650లో ఇటలీలో మెంగోలి అనే ఆయన అడిగినాడు. స్విట్జర్లాండులో బాసెల్ అనే ఊళ్ళో బెర్నూలీ అన్నదమ్ములు తలలు బద్దలు కొట్టుకున్నారు గానీ తేలలా. అందుకే దాన్ని బాసెల్ సమస్య అంటారు. మీరే ఫోన్లో క్యాలిక్యులేటర్ తీసి కూడి చూడండి. పది మళ్ళు కూడితే 1.5497. నూరు కూడితే 1.6349. వెయ్యి కూడితే 1.6439. నత్త నడక మాదిరి పెరగతా ఉంటుంది. ఇంచుమించు ఎంతో చెప్పడం కష్టం కాదు, ఖచ్చితంగా చెప్పడమే కష్టం. 1735లో ఆయిలర్ చెప్పినాడు. ఆయనది కూడా బాసెలే, అప్పటికి ఇరవై ఎనిమిదేళ్ళు. జవాబు ఏందంటే, పైని పైతో గుణించి ఆరుతో భాగించాలి. 1.644934 వస్తుంది. పై అంటే గుండ్రానికి సంబంధించిన సంఖ్య. అన్నీ చదరం మళ్ళే కదా, వాటి మొత్తంలోకి గుండ్రం యాడ నించి వచ్చింది? ఆ ఆశ్చర్యమే ఈ లెక్కను ఇన్నేళ్ళు బతికించింది.

సైన్ అనే ప్రమేయం ఏ ఏ చోట్ల సున్నా అవుతుందో చూసి, మామూలు బీజగణితం సమీకరణాన్ని విడగొట్టినట్టే దాన్నీ అంతులేని లబ్ధంగా విడగొట్టినాడు ఆయిలర్. అక్కడి నించి వర్గాలకే కాదు, నాలుగో ఘాతానికి, ఆరో ఘాతానికి కూడా ఖచ్చితమైన మొత్తాలు దొరికినాయి. వాటన్నిటికీ తాళంచెవి మాదిరి పనికొచ్చేవి బెర్నూలీ సంఖ్యలు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, నెల్లూరు కాడ మళ్ళీ వస్తుంది.

కుంభకోణంలో రామానుజన్ బడి చదువు 1904లో అయిపోయింది, లెక్కల్లో బహుమతి కూడా వచ్చింది. కాలేజీలో చేరితే స్కాలర్‌షిప్ ఇచ్చినారు. లెక్కలు తప్ప ఇంకేదీ పట్టించుకోక ఇంగ్లీషులో తప్పితే ఆ స్కాలర్‌షిప్ పీకేసినారు. 1905లో ఇల్లు వదిలి విశాఖపట్నం వైపు, మన తెలుగు నేల మీదికి పారిపోయి వచ్చినాడు. తర్వాత మదరాసులో పచ్చయ్యప్ప కాలేజీలో చేరినాడు. ఎఫ్.ఏ. పరీక్షలో లెక్కల పేపరు ఇట్టే రాసిపారేసేవాడు. శరీర శాస్త్రంలో మాత్రం తప్పేవాడు. ఒకసారి తప్పినాడు, మళ్ళీ రాసి మళ్ళీ తప్పినాడు. ఆ తర్వాత కొన్నేళ్ళు ఏ డిగ్రీ లేదు, ఏ పనీ లేదు. తిండికి కూడా ఇబ్బంది పడినాడు. 1909లో ఇంట్లోవాళ్ళు జానకి అనే పసిపిల్లతో పెళ్ళి చేసినారు. ఆ బిడ్డకి అప్పటికి పదేళ్ళు.

పెళ్ళయినాక ఉద్యోగం కావాల్సొచ్చింది. తిరుక్కోయిలూర్‌లో రామస్వామి అయ్యర్ అనే డిప్యూటీ కలెక్టర్ కాడికి పోయి, తాలూకా కచేరీలో గుమాస్తా పని ఇప్పించండయ్యా అని అడిగినాడు. భారత గణిత సంఘం పెట్టింది ఆ అయ్యరే. నోటు పుస్తకం తిరగేసి చూసి, ఇట్టాంటోడిని రెవెన్యూ శాఖ అడుగు మెట్టు మీద కూర్చోబెడితే ఈ తెలివి చచ్చిపోతుందని పని ఇవ్వలా. మదరాసుకి పంపినాడు. మదరాసులో లెక్కల పంతులు శేషు అయ్యర్, నెల్లూరు కలెక్టరుకి సిఫారసు రాసిచ్చినాడు. ఆ కలెక్టర్ దివాన్ బహద్దూర్ ఆర్. రామచంద్రరావు. ఆయనకి కూడా లెక్కలంటే ప్రాణం.

ఆ కలయిక గురించి తర్వాత కాలంలో రామచంద్రరావే రాసిపెట్టినాడు. పొట్టిగా, బొద్దుగా, గడ్డం మాసి, అంత శుభ్రం కూడా లేని మనిషి చంకలో నోటు పుస్తకంతో వచ్చినాడంట. మెరిసే కళ్ళు తప్ప చూడదగ్గది ఏమీ లేదంట. వాడు చెప్పేది కలెక్టరుకి అర్థం కాలా. ఇది నిజమైన తెలివో, ఒట్టి పిచ్చో తేల్చుకోలేకపోయినాడు. అయినా పొమ్మనలేదు, మళ్ళీ రమ్మన్నాడు. రెండోసారి రామానుజన్ తెలివిగా తేలికైన ఫలితాలు ముందు చూపించినాడు. అవే అప్పటి పుస్తకాలను దాటి ఉండాయి. అక్కడి నించి మెట్టు మెట్టుగా పైకి తీసకపోయి, ఆఖరికి ఎవరూ నమ్మని అంతులేని కూడికల కాడికి చేర్చినాడు. అప్పటికి కలెక్టర్ మెత్తబడినాడు. నీకేం కావాలి అంటే, నాలుగు మెతుకులు దొరికితే చాలు, నా లెక్కలు నేను చేసుకుంటా అన్నాడు.

ఈడ ఒక మాట నన్ను గుచ్చతా ఉంటుంది. ఇంత మేధావిని నెల్లూరు మాదిరి మొఫసిల్ ఊళ్ళో కుళ్ళబెట్టడం క్రూరమని చెప్పి కలెక్టర్ ఆయన్ని తిరిగి మదరాసుకే పంపించినాడు. ఖర్చులకి నెలకి పాతిక రూపాయలు తన జేబులో నించి ఇస్తానన్నాడు, ఇచ్చినాడు. అంటే మన నెల్లూరు ఆయన మాట విన్నది, డబ్బు ఇచ్చింది, నువ్వు ఈడ ఉంటే పాడైపోతావని కూడా చెప్పింది.

ఆ పాతిక రూపాయలు ఏం చేసినాయో చూడండి. 1911లో రామానుజన్ మొదటి పరిశోధన వ్యాసం భారత గణిత సంఘం పత్రికలో అచ్చయింది. విషయం ఏందంటే, ఇందాక చెప్పిన బెర్నూలీ సంఖ్యలు. అదే ఏడు అదే పత్రికలో చదివేవాళ్ళకి ఒక పొడుపు లెక్క ఇచ్చినాడు. ఒకటికి, రెండు రెట్ల ఒక వర్గమూలం కలపాలి. ఆ మూలం లోపల ఒకటికి, మూడు రెట్ల ఇంకో వర్గమూలం. దాని లోపల ఒకటికి, నాలుగు రెట్ల ఇంకోటి. ఇట్టా అంతు లేకుండా లోపలికి పోతా ఉండాలి. మొత్తానికీ కలిపి పైన ఒక వర్గమూలం. విలువ ఎంత? ఆరు నెలలు గడిచినా ఒక్కరూ జవాబు పంపలా. ఆయనే చెప్పినాడు, జవాబు 3.

దీన్ని పదో తరగతి పిలకాయ కూడా చూడొచ్చు. 3 అంటే 9కి వర్గమూలం. 9 అంటే 1 ప్లస్ 8, ఆ 8 అంటే 2 ఇంటూ 4. ఇప్పుడు 4 అంటే 16కి వర్గమూలం. 16 అంటే 1 ప్లస్ 15, ఆ 15 అంటే 3 ఇంటూ 5. మళ్ళీ 5 అంటే 25కి మూలం, 1 ప్లస్ 4 ఇంటూ 6. తలుపు తీస్తే లోపల ఇంకో తలుపు, ఎంత లోపలికి పోయినా ఇదే వరస. బయట నిలబడి చూసేవాడికి భయం, కట్టినోడికి మాత్రం అది ఒట్టి మూడు.

1912 మార్చిలో మదరాసు పోర్టు ట్రస్టులో గుమాస్తా పని దొరికింది, నెలకి ముప్పై రూపాయలు. ఇంగ్లండులో పండితులకి జాబులు రాసినాడు. లండన్లో హిల్ అనే ప్రొఫెసర్, నువ్వు విరిసిపోయే కూడికల గుంటలో పడినావని హెచ్చరించినాడు. కేంబ్రిడ్జిలో ఇద్దరు పెద్దోళ్ళ నించి సాయం అందలా. 1913 జనవరి 16న హార్డీకి రాసినాడు. ఆయన ఒక రాత్రి తన స్నేహితుడు లిటిల్‌వుడ్‌తో కూర్చోని ఆ కాయితాలు చదివి, ఇది మామూలు బుర్ర కాదని తేల్చినాడు.

మా పిలకాయ అడిగిన మైనస్ 1/12 సంగతి ఆ ఏడు హార్డీకి రాసిన జాబుల్లోనే ఉండాది. ఇది చెప్తే నన్ను పిచ్చాసుపత్రికి పొమ్మంటారేమో అని రామానుజనే నవ్వులాటగా రాసుకున్నాడు. ఇప్పుడు జవాబు. అంగట్లో బిల్లు కూడినట్టు ఒకటి, రెండు, మూడు కూడితే మైనస్ ఎప్పటికీ రాదు, ఆ కూడికకి హద్దే లేదు. రీల్లో ఆ ముక్క చెప్పకపోవడమే మోసం. ఇంకో సంగతి కూడా ఉండాది. ఇందాకటి మళ్ళ లెక్క 1.6449 ఇచ్చింది కదా, దాన్ని ఇచ్చే సూత్రం ఒకటుంది. కూడిక ఒక హద్దుకి చేరేచోట అది మామూలు మొత్తాన్నే ఇస్తుంది. అదే సూత్రాన్ని తెగిపోకుండా, కూడిక హద్దు దాటిపోయే చోటికి సాగదీస్తే, ఒకటి రెండు మూడు అనే వరసకి అది చూపించే విలువ మైనస్ 1/12. ఆయిలర్, రీమాన్ అనే పెద్దోళ్ళు ముందే ఆ దోవలో నడిచినారు. పోర్టు గుమాస్తా ఎవరూ చెప్పకుండా తన దోవలో తను ఆడికి చేరినాడు. నిజం, అబద్ధం రెండూ కాదురా, ఆడ సమానం గుర్తుకి అర్థం వేరే అని చెప్పినాను మావాడికి.

తర్వాత కథ మీకు తెలిసిందే. మదరాసు యూనివర్సిటీ నెలకి డెబ్బై ఐదు రూపాయల స్కాలర్‌షిప్ ఇచ్చింది. 1914 మార్చి 17న నెవాసా అనే ఓడ ఎక్కి ఇంగ్లండు పోయినాడు. పై విలువను ఖచ్చితంగా పట్టిచ్చే అంతులేని కూడికలు ఆ ఏడే అచ్చేసినాడు. 1985లో ఒకాయన ఆ సూత్రాల్లో ఒకదాన్ని కంప్యూటర్లో పెట్టి పై విలువని కోటి డెబ్బై లక్షల అంకెల దాకా లాగినాడు. 1918లో ఎఫ్.ఆర్.ఎస్., ట్రినిటీ కాలేజీ ఫెలో. చలి, యుద్ధం రోజుల్లో శాకాహారానికి కరువు, ఒంటరితనం, జబ్బు. 1919లో తిరిగొచ్చి 1920 ఏప్రిల్ 26న చనిపోయినాడు. అప్పటికి ముప్పై రెండేళ్ళు. ఆఖరి నెలల్లో మంచం మీద కూడా రాస్తానే ఉండాడు. జానకమ్మ ఆ తర్వాత బట్టలు కుట్టుకోని బతికింది, 1994 దాకా. దండలన్నీ ఆయన ఫొటోకి, కుట్టు మిషను ఆయమ్మకి.

ఇప్పుడు నా మాట. నేను కూడా ఇంటర్ తప్పినోడినే. ఒక కాలేజీలో నా పేరు బోర్డు మీద తప్పినోళ్ళ వరసలో రాసి వారం పాటు చెరపలా. నాకు చదువు చెప్పింది పాత పుస్తకాలు, ఒక గ్రంథాలయం చెక్క బీరువా. అందుకే ఈ కథని పట్టుదల ఉంటే చాలు, ఏదైనా సాధించొచ్చు అని చెప్పేవాళ్ళ మీద నాకు కోపం. రామానుజన్‌కి పట్టుదల 1906లోనూ ఉండాది, 1907లోనూ ఉండాది. ఆ రోజుల్లో దానివల్ల అన్నం రాలా. అన్నం వచ్చింది ఒకరు కూర్చోని విన్నందువల్ల, నెలకి పాతిక ఇచ్చినందువల్ల.

ఇంకో నిజం కూడా చెప్పాల. రామానుజన్ పేదోడే, గానీ అయ్యంగార్ల ఇంటి పేదోడు. ఆయనకి తలుపులు తీసిన అయ్యర్లు, రావులు ఒకరికొకరు జాబులు రాసుకోగలిగినోళ్ళు. ఆయన గొప్పతనాన్ని తగ్గించేదానికి ఈ మాట చెప్పడం లేదు. అదే 1910లో మన యానాది సంఘం నించో, మాలపల్లె నించో ఒక పిలకాయ నోటు పుస్తకంతో వచ్చుంటే కలెక్టర్ బంగళా వసారా దాకా రానిచ్చేవాళ్ళా? ఆ పిలకాయకి అసలు నోటు పుస్తకం దొరికేదా? కుంభకోణంలో ఇంటి కప్పులో దాచిన కాయితాలు కొన్ని. మన గుడిసెల్లో రాయకుండానే పోయిన కాయితాలు ఎన్నో ఎవరు కూడగలరు? ఆ కూడికకి ఖచ్చితమైన మొత్తం ఏ ఆయిలరూ చెప్పలేడు.

నూట పదిహేనేళ్ళు గడిచినా తెలివైన బిడ్డ కనబడితే ఇంకా మనం అదే మాట అంటుండాం. ఈడ ఉంటే పాడైపోతావు, చెన్నై పో, హైదరాబాదు పో, బెంగుళూరు పో. పోయేదానికి డబ్బులున్నోళ్ళు పోతుండారు. లేనోళ్ళు స్టేషన్ బెంచీ మీద కూర్చోని పోయే రైళ్ళు చూస్తుండారు. రామచంద్రరావు చేసింది మంచి పనే, సగం పని. మిగతా సగం మనమే చెయ్యాల, ఆ బిడ్డ ఈడ ఉండి కూడా పాడైపోకుండా.

డిసెంబరు 22న జాతీయ గణిత దినోత్సవమని బళ్ళలో దండలు వేస్తారు. వెయ్యండి. ఆ పూట పరీక్ష తప్పిన పిలకాయల్ని కూడా పిలిపించి, వాళ్ళ నోటు పుస్తకాలు తెరిచి చూడండి. ఊళ్ళో ఉద్యోగం చేసే అన్నలారా, అక్కలారా, ఆదివారం ఒక గంట గ్రంథాలయంలో కూర్చోండి. మీకు అర్థం కాకపోయినా వినండి, ఆ కలెక్టరుకి కూడా మొదటిసారి అర్థం కాలా. పిలకాయలూ, మీరు చేసింది చెరిపెయ్యబాకండి, రాసిపెట్టండి.

మావాడికి ఆ సాయంత్రం మళ్ళ లెక్క ఇచ్చి వచ్చినాను, చేత్తో కూడుకుంటా పో అని. నిన్న ఫోన్ చేసినాడు. నలభై మళ్ళు కూడినాడంట, 1.62 దాటిందంట. ఇంగ్లీషు పరీక్షకి కూడా చదువుతుండానన్నా, ఈ లెక్క మాత్రం వదల్లేదు అన్నాడు. నలభై ఒకటోది కూడరా, వింటా ఉండాను అన్నాను.